ఉదయగిరిలో సైటు ఉచితం

ఉదయగిరి వెళ్ళొచ్చామని చెబితే తెనాలిలో అందరూ ఒకటే అడుగుతున్నారు, కోట ఎక్కారా అని. ఎక్కలేదు. కొండను కింద నుంచే చూశాం. పొద్దున ఒక రంగులో ఉంది, సాయంత్రం ఇంకో రంగులో ఉంది. మేము వెళ్ళిన పని ఆ కొండ కింద, టైలరు కొట్టు పక్కన ఉన్న ఒక చిన్న గది గురించి. ఆ గది ఉంటుందా, మూతపడుతుందా అన్నది తేలేదాకా మాకు కొండ మీద ధ్యాస నిలవలేదు.

మేము అంటే నేనూ, నా భార్య భారతీ. నేను కలప అడితిలో లెక్కల మనిషిని. దుంగను చూసి అందులో ఎన్ని ఘనపుటడుగుల కలప వస్తుందో చెప్పడం నా పని. బడి చదువు మధ్యలో ఆగిపోయింది, లెక్కలన్నీ దుంగల మధ్య నేర్చుకున్నవే. భారతి ఆప్టోమెట్రిస్టు. అంటే చూపు ఎంత ఉందో కొలిచి, ఏ అద్దం కావాలో నిర్ణయించి, అద్దంతో పోనిది ఏదైనా ఉంటే డాక్టరు దగ్గరికి పంపే చదువు చదివిన మనిషి. జనం ఆవిడను డాక్టరమ్మ అంటారు, లేకపోతే కళ్ళద్దాలమ్ముకునే ఆవిడ అనుకుంటారు. రెండూ కాదని చెప్పడానికే సగం జీవితం పోయిందని ఆవిడ బాధ. ఈ ఏడాది ఆ వృత్తివాళ్ళ సంఘానికి ఆవిడను నాయకురాలిగా ఎన్నుకున్నారు. ఎన్నికైన రోజున దండ వేసి ఫొటో తీశారు. ఆ ఫొటో అడితిలో నా బల్ల మీద ఉంది. ఎవరూ అడగకపోయినా చూపిస్తుంటాను.

ఉదయగిరిలో ఆ కంటి పరీక్షల గదిలో కూర్చునేది షాహీన్ అనే అమ్మాయి. ఆ ఊళ్ళోనే పుట్టి, బయట ఆప్టోమెట్రీ చదివి, నెల్లూరులో ఉద్యోగం వదులుకొని సొంత ఊరికి వచ్చింది. గదిని నడిపేది ఒక ధర్మసంస్థ. జనం రావడం లేదు కాబట్టి దాన్ని ఎత్తేసి ఆత్మకూరుకు మార్చాలని వాళ్ళ ఆలోచన. ఆదివారం ఉదయగిరిలో ఒక కంటి శిబిరం పెట్టి చూపించండి, సోమవారం ఆత్మకూరులో కూర్చొని తేలుద్దాం అన్నారు. షాహీన్ భారతికి ఫోన్ చేసింది. భారతి నాతో, "మీరూ రండి, ఎప్పుడూ దుంగలేనా" అంది.

దుత్తలూరు దారిలో

కావలిలో రైలు దిగి బస్సెక్కాం. జలదంకి దాటేదాకా నాకు మా ప్రాంతంలాగే అనిపించింది. ఆ తర్వాత నేల రంగు మారింది, చెట్టు పొట్టిదయింది. మా తెనాలి వైపు కాలువ లేని చోటు వెతకాలి. ఇక్కడ నీళ్ళున్న చోటు వెతకాలి. ఇక్కడివాళ్ళు వాన గురించి మాట్లాడేటప్పుడు ఇంటికి రావలసిన చుట్టం గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు.

దుత్తలూరు దగ్గర గొర్రెలు అడ్డం వచ్చి బస్సు ఆగింది. తెల్లటివి, కాళ్ళు పొడుగైనవి, రోడ్డు తమదే అన్నట్టు నడుస్తున్నాయి. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి మానేశాడు. కాపరి నా కిటికీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. నా గుణం కొద్దీ అడిగాను.

"ఎన్ని జీవాలున్నాయి పెద్దాయనా?"

"ఉండాయి."

"అదే, ఎన్ని?"

"లెక్కబెట్టం సామీ. లెక్కబెడితే తగ్గతాయి."

"మరి ఒకటి తప్పిపోతే ఎట్లా తెలుస్తుంది?"

"మీ ఇంట్లో మనిషి రాకపోతే లెక్కబెట్టి తెలుసుకుంటారా?"

బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా భారతి నవ్వింది. తర్వాత నా మీదుగా వంగి అతన్ని అడిగింది, చూపు బాగుందా అని.

"అద్దో, ఆ గుట్ట మింద మేక ఉండాదే, అది ఎవరిదో చెప్తా."

"దగ్గరవి కనిపిస్తాయా?"

"దగ్గరవి కనబడవు తల్లీ. దగ్గర నాకేం పనుండాది? కాల్లో ముల్లిరిగితే నా పెండ్లాం తీస్తాది."

"ఆవిడకు కనిపిస్తుందా?"

అతను కాస్త ఆలోచించాడు. "ఆమెకూ కనబడదు. పక్కింటోళ్ళ కోడల్ని పిలుస్తాం."

గొర్రెలు దాటేలోపు భారతి షాహీన్ ఫోను నంబరు చీటీ మీద రాసి అతని చేతిలో పెట్టింది, బస్సు కదిలింది. భారతి కిటికీలోంచి వెనక్కి ఆ కాపరినే చూసింది. తర్వాత అంది, "చూశారా, చత్వారం నొప్పి పెట్టదు. నొప్పి పెడితే పరిగెత్తుకొస్తారు. నలభై దాటాక దగ్గరవి మసకబారితే, వయసయింది అనుకొని పక్కింటి కోడల్ని పిలుస్తారు. ఆ కోడలికీ నలభై వస్తాయి కదా."

చెక్క గరిటెలు

ఉదయగిరి బస్టాండులో షాహీన్ మా కోసం నిలబడి ఉంది. సన్నగా, చురుగ్గా ఉంది. నా చేతిలో సంచి లాక్కొని, "రాండన్నా, ముందు టీ తాగుదాం" అంది. టీ పది రూపాయలు, మా ఊళ్ళో లాగే. గ్లాసు మాత్రం ఇక్కడ పెద్దది, పంచదార ఇంకా పెద్దది.

ఆ గదిలో ఒక కుర్చీ, గోడకు అక్షరాల పట్టిక, అద్దాల పెట్టె ఉన్నాయి. అన్నీ తుడిచి తళతళలాడుతున్నాయి. అద్దాల పెట్టె మరీ కొత్తగా ఉంది. వాడకం తక్కువ కావడం వల్ల కొత్తగా ఉందని నాకు తట్టింది గాని, ఆ మాట పైకి అనలేదు.

"ఇది పోతే నీ సంగతేంటమ్మా?" అని భారతి అడిగింది.

"నెల్లూరులో కళ్ళజోళ్ళ షాపు ఉండాదక్కా. ఫ్రేములు చూపించి అమ్మే పని. మొహానికి ఏది నప్పుతాదో చెప్పాల." అద్దాల పెట్టె మూత వేస్తూ, "నేను చదివింది అది కాదు" అంది.

సాయంత్రం చెక్క పనివాళ్ళ వీధికి తీసుకెళ్ళింది. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు, దువ్వెనలు పేరున్నవి. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెట్ల కలపతో చేస్తారు. చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. నేను ఒక చెంచా చేతిలోకి తీసుకొని బరువు చూశాను. పువ్వులా ఉంది. అంత చిన్నదాని కాడ మీద తీగ చెక్కి, తీగకు ఆకులు చెక్కారు. ధర అడిగితే అరవై రూపాయలన్నారు. అడితి మనిషిని కదా, ఆ ధర మీద ఘనపుటడుగు ఎంత పడుతుందో మనసులో లెక్క కట్టాను. మా టేకు సిగ్గుపడాల్సిన ధర. పని విలువ అంటే ఏమిటో ఆ లెక్కలో తెలిసింది. ఆరు చెంచాలు కొన్నాను.

ఆ ఇంటి ఆవిడ పేరు జైనబీ. భారతి వయసే ఉంటుంది. ఆకులు చెక్కేది ఆవిడేనా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"అవి నా కోడలు చేసినాది. ముందు నేనే చేసేదాన్ని. ఇప్పుడు నేను పైపైన చెక్కి ఇస్తా, సన్నపని ఆ పిల్ల చేస్తాది."

"ఖాలా, రేపు హైస్కూలుకు రా" అంది షాహీన్, పిన్నీ అని పిలిచే వరసలో. "కళ్ళు చూస్తాం."

"నాకేమొచ్చింది? నాకు సైటేం లేదు. ఇది చత్వారం. మా అమ్మకు వచ్చినాది, నాకు వచ్చినాది. రేపు దీనికి వస్తాది" అని కోడలి వైపు చూపించింది.

కోడలు తల ఎత్తకుండానే అంది, "నాకు రాకముందే షాహీన్ అక్క గది మూసేస్తారంట కదత్తా."

రాత్రి షాహీన్ వాళ్ళ ఇంట్లో భోజనం. మటన్ కూరలో కారం చూసి మా గుంటూరు మిరప ఇంత దూరం నడిచి వచ్చిందా అనుకున్నాను. వాళ్ళమ్మ నా పళ్ళెంలో అన్నం అయిపోవడమే ఆలస్యం, అడగకుండా పెట్టింది. మా వైపు చాలంటే చాలు. ఇక్కడ చాలంటే సిగ్గుపడుతున్నాడని అర్థం.

మైకు ఆటో

ఆదివారం పొద్దున హైస్కూలు గేటు దగ్గర జనాన్ని చూసి నేను నిలబడిపోయాను. వరస గోడ మలుపు తిరిగి రోడ్డు మీదికి వచ్చింది. ముసలివాళ్ళు, చంకలో పిల్లలున్న తల్లులు, పనికి పోకుండా వచ్చిన మగవాళ్ళు. అందరి చేతుల్లో ఆధార్ కార్డులు, రేషను కార్డులు, వాటి జిరాక్సులు. భారతి మొహం వెలిగిపోయింది. "ఏమండీ, ఈ ఊళ్ళో చూపు మీద ఇంత శ్రద్ధ ఉంటే గది ఎత్తేస్తారేంటి?" అంది. షాహీన్ మాత్రం అయోమయంగా చూస్తోంది. ధర్మసంస్థ మేనేజరు ఆత్మకూరు నుంచి వచ్చి ఒక పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

వరసలో మొదట ఉన్న తాతను భారతి కుర్చీలో కూర్చోబెట్టింది. తెల్లటి మీసాలు, తలపాగా.

"ఆ పై అక్షరం కనిపిస్తోందా తాతా?"

"అక్షరం సంగతి మళ్ళీ చూస్తాం. సైటు యాడ?"

"సైటే చూస్తున్నాం, చూడండి అటు."

"గోడ చూపిస్తావేంది తల్లీ? సైటు ఊరికి ఏ పక్క ఉండాది? కొండ కిందనా, దుత్తలూరు రోడ్డులోనా?"

భారతి చేతిలో అద్దం అట్లాగే ఆగిపోయింది. తాత కార్డుల కవరు విప్పాడు. "నాది, నా పెండ్లాందీ ఉండాయి. పట్టా ఆడోళ్ళ పేరు మింద ఇస్తారంటగా?"

అప్పుడు తెలిసింది. మా వైపైనా ఇక్కడైనా సైటు అంటే రెండు: కంట్లో ఉండే సైటు, ఇల్లు కట్టుకొనే సైటు. ముందురోజు సాయంత్రం ఒక ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పించారు. ఆ ఆటో సుబ్బయ్యను షాహీన్ పిలిపించింది.

"ఏం చెప్పినావన్నా నువ్వు?"

"నువ్వు చెప్పిందే చెప్పినాను. ఉదయగిరి హైస్కూల్లో సైటు పరీక్ష ఉచితం, ఆధార్ కార్డు తెచ్చుకోవాల."

"పరీక్ష అన్నావా?"

"అన్నాను." కొంచెం తటపటాయించాడు. "ఆ మాట కొంచెం మెల్లింగా అన్నాను. పరీక్ష అంటే ఎవరొస్తారు మే? చిన్నప్పుడు బడికే రాలేదు జనం."

భారతి నవ్వాలా ఏడవాలా అన్నట్టు నా వైపు చూసింది. అప్పటికే మాట వరస వెంట పాకింది. "సైటు లేదంట", "కంటి సైటంట", "మోసం". ఒకావిడ మట్టి పని మానుకొని వచ్చానని తిడుతోంది. మేనేజరు లేచి నిలబడ్డాడు. "అదే అనుకున్నా, ఇంత గిరాకీ ఏందబ్బా అని" అన్నాడు. పాపం, అతను వెక్కిరించలేదు. ఉన్నమాట అన్నాడు. అయినా షాహీన్ మొహంలో నెత్తురు లేదు.

భారతి బెంచీ ఎక్కింది. మామూలుగా ఆవిడ గొంతు పెద్దది కాదు.

"అమ్మా, అయ్యా! మా దగ్గర స్థలాలు లేవు. మైకులో చెప్పింది మీకు తప్పుగా వినిపించింది, అందుకు మమ్మల్ని తిట్టండి, పడతాం. కానీ ఎట్లాగూ వచ్చారు, ఎండలో నిలబడ్డారు. ఉత్త చేతులతో పోవద్దు. మీ చూపు ఎంత ఉందో తెలుసుకొని వెళ్ళండి. బాగుంటే బాగుందని చెబుతాం, ఏమీ అంటగట్టం."

కొందరు వెళ్ళిపోయారు. కుర్చీలో తాత లేవలేదు. "వచ్చినందుకు ఏదో ఒకటి చూపించుకొని పోదాం. అడుగు తల్లీ నీ అక్షరం" అన్నాడు. నవ్వులు లేచాయి. తాత కూర్చోవడంతో వెనకవాళ్ళూ కూర్చున్నారు. నా లెక్కకు సగానికి పైగా ఆగారు.

తన వేళ్ళు

నేను వరస చూసుకున్నాను, నీళ్ళిచ్చాను, చిన్న పిల్లలను ఆడించాను. మధ్యలో జైనబీ కనిపించింది. చేతిలో ఆధార్ కార్డు. షాహీన్ నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"ఏంది ఖాలా, నిన్న రమ్మంటే రానంటివి?"

"నువ్వు చెప్పింది కంటి సంగతే అనుకున్నా. కానీ వీధికి వీధి పోతా ఉంటే మా ఆయన పొమ్మన్నాడు. నిజంగా ఇస్తే మనం పోగొట్టుకుంటామే అని వచ్చినా" అంది జైనబీ, సిగ్గుపడుతూనే నవ్వుతూ.

ఆవిడను కూర్చోబెట్టి, పరీక్షకు వాడే ఇనప చట్రం ముక్కు మీద పెట్టి, షాహీన్ ఒక్కొక్క అద్దమే వేసి తీస్తోంది. చదివించడానికి ఏమీ ఇవ్వలేదు. చదువు రానివాళ్ళకు అక్షరాల కార్డు ఇవ్వడం ఏమిటి? చెక్క పనివాళ్ళకు పని దూరం ఎంతో ఆ అమ్మాయికి తెలుసు. "చేతులు చెంచా చెక్కేటప్పుడు ఎట్ట పెడతావో అట్ట పెట్టు" అంది. జైనబీ రెండు చేతులూ ముందుకు పెట్టింది, ఎడమ చేతిలో చెంచా, కుడి చేతిలో ఉలి ఉన్నట్టు. షాహీన్ ఇంకో అద్దం వేసింది.

జైనబీ కదలలేదు. ఎడమ చేతి వేళ్ళు తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇన్ని గాట్లా?" అంది.

వేళ్ళ నిండా పాత గాట్లు, కొత్త గాట్లు, తెల్లటి గీతల్లా. కనిపించక ఉలి జారినప్పుడల్లా పడ్డవి. తెగినప్పుడు నొప్పి తెలిసిందే గాని, ఇన్ని ఉన్నాయని చూసుకోలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగి, వెంటనే అది కోపమయింది.

"ఇంత సుళువా ఇది? మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"చెప్తానే ఉండా కదా ఖాలా. నువ్వే చత్వారం అంటివి."

"నువ్వు చెప్తే వినేదా? చెయ్యి పట్టుకొని ఈడ్చుకొని రావొద్దా!"

ఆ మాటకు షాహీన్ నవ్వలేదు. దాన్ని ఎక్కడో దాచుకున్నట్టు తల ఊపింది.

సాయంత్రం దాకా సాగింది. ఇద్దరు ముసలివాళ్ళకు శుక్లాలు ఉన్నాయని ఆపరేషనుకు రాసి పంపారు. ఒక కాలేజీ పిల్ల బోర్డు కనిపించక ముందు బెంచీలో కూర్చుంటోందని తేలింది. "కళ్ళజోడు పెడితే సైటుండే పిల్ల అంటారు మేడం" అని వాళ్ళమ్మ గుసగుసగా అంది. "పెట్టకపోతే ఫెయిలయిన పిల్ల అంటారు" అంది భారతి, గుసగుసగానే. చాలామందికి ఏమీ లేదని, బాగుందని చెప్పి పంపించారు. తాతకు దూరం చూపు కుర్రవాడిలా ఉంది. ఆయన ఆ సంగతి గేటు దగ్గర అందరికీ చెప్పి మరీ వెళ్ళాడు.

ఏ ఆత్మకూరు?

చీకటి పడుతుండగా ఆత్మకూరు చేరాం. ఇక్కడ ఒక తప్పు నాది. లాడ్జి గది ముందే ఫోనులో మాట్లాడి ఉంచానని గొప్పగా చెప్పుకున్నాను. బస్టాండులో దిగి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నారు సార్?"

"బస్టాండు ఎదురుగా."

"నేనూ బస్టాండు ఎదురుగానే ఉన్నానే. చెయ్యి ఊపండి."

ఊపాను. చాలాసేపు ఊపాను. ఆయన నంద్యాల వైపు ఆత్మకూరులో చూస్తున్నాడు, నేను నెల్లూరు ఆత్మకూరులో ఊపుతున్నాను. భారతి రోడ్డు మీదే కడుపు పట్టుకొని నవ్వింది. పక్కనే ఇంకో లాడ్జి దొరికింది కాబట్టి సరిపోయింది.

ఎర్రకారం దోశ తిన్నాం. దోశ మీద ఎర్రకారం పూసి పప్పులపొడి చల్లి ఇస్తారు. మా తెనాలి దోశ మంచిదే గాని దీని ముందు పథ్యం దోశ. తింటున్నా భారతికి నోట్లోకి పోవడం లేదు.

"రేపు ఏం చెప్పాలి? ఇంత జనం వచ్చారు అంటే, స్థలాలకు వచ్చారు అంటారు. నిజమే కదా."

నేను దోశ తుంచుతూ, మధ్యాహ్నం నుంచి నన్ను తొలుస్తున్న సంగతి అడిగాను. "మామూలు శిబిరంలో కళ్ళు బాగున్నవాళ్ళు ఇంతమంది వస్తారా?"

"ఎందుకొస్తారు? కళ్ళు బాగాలేనివాళ్ళే వస్తారు. అది కూడా బాగా ముదిరాక."

"అడితిలో కొత్త సరుకు వస్తే, అమ్మేవాడు పైన పేర్చిన దుంగలు చూసి మేము ధర కట్టం. మధ్యలోంచి, వెనకనుంచి లాగించి చూస్తాం. పైన పెట్టినవి వాడు ఏరినవి."

భారతి తినడం ఆపింది. నా కంటే ముందుకు పోయింది ఆవిడ ఆలోచన. "అంటే ఇవాళ వచ్చింది ఏరిన జనం కాదు. కళ్ళు బాగున్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసిన ఊరు. అసలు ఊరు!" అని, వెంటనే తనే తగ్గింది. "కానీ వెళ్ళిపోయినవాళ్ళు?"

"అది లోటే" అన్నాను.

"లోటని కూడా చెబుదాం" అంది. వెంటనే షాహీన్‌కు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఫోను పెట్టేశాక ఇప్పుడు దోశ తింటానంటే, ఆవిడకు వేడిగా ఇంకోటి వేయించాను.

మాలకొండారెడ్డి గారి ఎదుట

ధర్మసంస్థ పెద్ద మాలకొండారెడ్డి గారు. పాత భూస్వాముల ఇల్లు, ఆ చుట్టుపక్కల పంచాయితీలన్నీ ఆయన అరుగు మీదికి వచ్చేవట. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా, సూటి మాట. షాహీన్ పొద్దుటి బస్సుకు వచ్చింది. మేనేజరు ముందురోజు జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మైకు సంగతికి వచ్చేసరికి రెడ్డి గారు బల్ల చరిచి నవ్వారు.

"చెప్పండమ్మా, తెనాలి నుంచి వచ్చినారు. మీరు సంఘానికి పెద్ద అంట కదా" అన్నారు భారతితో.

భారతి రాత్రంతా మాటలు కూర్చుకుంది. నాకు వినిపించి సరిచేసుకుంది కూడా. లేచి నిలబడి, "నేను షాహీన్ పక్కన నిలబడటానికి వచ్చానండి. ఉదయగిరి ఆప్టోమెట్రిస్టు ఆ అమ్మాయి. తను చెబుతుంది" అని కూర్చుంది.

షాహీన్ తుళ్ళిపడి భారతిని చూసింది. భారతి ఆ అమ్మాయి వైపు చూడలేదు. షాహీన్ లేచింది. మొదటి రెండు మాటలు వినిపించలేదు. తర్వాత వినిపించాయి. జైనబీ వేళ్ళ సంగతి చెప్పింది. కాలేజీ పిల్ల సంగతి చెప్పింది. రెడ్డి గారు చెయ్యి ఎత్తారు.

"అది సరే. సైటుకోసం వచ్చిన జనాన్ని కంటి లెక్కలో ఎట్టా వేస్తావు మే? రేపు నేను బిరియానీ పెడతానంటే ఊరంతా వస్తాది. ఊరందరికీ ఆకలి జబ్బు అంటామా?"

"అనం సార్. కానీ బిరియానీకి వచ్చినోళ్ళ కళ్ళు చూసినా ఇదే తేలేది. అందుకే చెప్తాండా. ఆళ్ళు కళ్ళకోసం రాలేదు. కళ్ళు బాగున్నోళ్ళూ వచ్చినారు, లేనోళ్ళూ వచ్చినారు. అట్ట కలిసొచ్చిన దాంట్లో కూడా అద్దం కావాల్సినోళ్ళు అంతమంది ఉండారు, కావాలని ఒక్కరికీ తెలీదు. నా గది ఖాళీగా ఉండాది అంటే ఊళ్ళో అవసరం లేదని కాదు సార్, అవసరం ఉండాదని ఆళ్ళకు తెలీదని."

"సగం మంది పొయినారు కదా?" అన్నాడు మేనేజరు.

"పొయినారు సార్. ఆళ్ళ సంగతి నాకు తెలీదు. పొయినోళ్ళందరి కళ్ళూ బాగుండాయనే అనుకుందాం. మిగిలినోళ్ళు చాలు ఆ కుర్చీకి."

ఈ చివరి మాట మేము నేర్పింది కాదు. లోటును తన మీదే వేసుకొని లెక్క కట్టి, అయినా నెగ్గింది. నా జీవితంలో ఇంత శుభ్రమైన లెక్క తక్కువ విన్నాను.

"ఆత్మకూరుకు మారిస్తే నీకేం నష్టం? ఈడ జనం ఎక్కువ" అన్నారు రెడ్డి గారు.

"ఈడ కళ్ళజోళ్ళ షాపులు ఉండాయి, డాక్టర్లు వస్తాండారు. ఉదయగిరి నుంచి ఈడికి రావాలంటే ఒక దినం కూలి పోతాది. చత్వారానికి ఎవరూ కూలి పోగొట్టుకోరు సార్." ఊపిరి తీసుకుంది. "ఇంకో మాట. ఇంక నేను గదిలోనే కూచోను. వారంలో రెండు దినాలు పెట్టె తీసుకొని చెక్క పని చేసే ఇళ్ళకు పోతా, గొర్రెల దొడ్ల కాడికి పోతా. చెయ్యి పట్టుకొని ఈడ్చుకొని వస్తా."

రెడ్డి గారు మేనేజరును అడిగారు, "ఆ గది తాళం ఎవరి కాడ ఉండాది?"

"ఈయమ్మి కాడే ఉండాది సార్."

"ఆమె కాడే ఉండనీ. రెండేళ్ళు చూద్దాం."

ఆత్మకూరు బస్టాండు

మేము సంగం మీదుగా నెల్లూరు పోవాలి, షాహీన్ ఉదయగిరి బస్సెక్కాలి. అప్పటిదాకా బిగబట్టుకున్న అమ్మాయి బస్టాండులో భారతి మీద విరుచుకుపడింది.

"అట్టా వదిలేస్తారా అక్కా? మొదటి రెండు మాటలు నాకే వినబడలేదు. మీరు మాట్లాడతారనే కదా పిలిపించుకున్నా!"

"నేను మాట్లాడితే గది నిలబడేది, నిజమే" అంది భారతి. "రేపు ఏదన్నా తేడా వస్తే వాళ్ళు తెనాలికి ఫోన్ చేసేవాళ్ళు. ఇప్పుడు నీకే చేస్తారు."

నేను పక్కన నిలబడి విన్నాను. దండ వేసిన ఫొటో బల్ల మీద పెట్టుకున్నాను గాని, నాయకత్వం అంటే ఏమిటో నాకు అర్థమయింది ఈ బస్టాండులోనే. రాత్రంతా కూర్చుకున్న మాటలు మింగి కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు.

ఉదయగిరి బస్సు వచ్చింది. సీటు లేదు. షాహీన్ మెట్టు మీద కాలు పెట్టిందో లేదో ఫోన్ మోగింది. బస్సు చప్పుడుకు గట్టిగా మాట్లాడింది.

"ఎవరూ? దుత్తలూరు నుంచా? ఆఁ, ఉదయగిరిలోనే అవ్వా, టైలరు కొట్టు పక్కన. రేపా? రేపు తీస్తాం. రేపు కుదరకపోతే ఎల్లుండి రా, ఎల్లుండీ తీస్తాం. వచ్చే నెలా? తీస్తాం అవ్వా, వచ్చే ఏడాదీ తీస్తాం. నువ్వు రా."

బస్సు కదిలింది. కడ్డీ పట్టుకొని నిలబడి, ఇంకో చేత్తో ఫోన్ చెవికి పెట్టుకొని, ఆ అమ్మాయి దారి చెబుతూనే ఉంది.